తెర మీది 20 శాతం

ఆ హాలులో మధ్యాహ్నం సమావేశాలు పెట్టుకోకూడదని అక్కడి ఉద్యోగులు ఎప్పుడో తీర్మానించుకున్నారు. మూడు గంటలయ్యేసరికి తల బరువెక్కేది. ఆవులింతలు ఒకరి నుంచి ఒకరికి పాకేవి. ఎవరో ఒకరు లేచి తలుపు బార్లా తెరిచేవారు. ఫిర్యాదు వెళ్లినప్పుడల్లా నిర్వహణ సిబ్బంది కంప్యూటర్ తెర చూపించేవారు. ఫ్యాను నడుస్తోంది. బయటి గాలిని లోపలికి వదిలే రెక్కల తలుపు, అంటే డ్యాంపర్, దాని కనిష్ఠ స్థానం 20 శాతం. ఎక్కడా ఎర్ర గుర్తు లేదు. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు. వారికి కనిపించిందే చూపించారు.

నేను వెళ్లిన రోజున నిచ్చెన వేసుకుని బయటి గాలి వచ్చే డక్ట్ దగ్గరికి ఎక్కాను. టార్చి వేసి చూస్తే డ్యాంపర్ రెక్కలు ఒకదాని అంచు మీద మరొకటి కూర్చుని ఉన్నాయి. సన్నటి కాగితం ముక్క పట్టుకుని అంచుల వెంట తిప్పాను. కదలలేదు. కింద తెర ముందు కూర్చున్న ఆపరేటర్‌కు ఫోను చేసి, "ఇప్పుడు ఎంత చూపిస్తోందండీ?" అని అడిగాను. "20 సార్, ఎప్పుడూ అంతే ఉంటుంది" అన్నారు.

రెక్కలను తిప్పే మోటారు, అంటే యాక్చుయేటర్, దాని తీగల మీద మల్టీమీటర్ పెట్టాను. సరిగ్గా 2 వోల్టులు. యాక్చుయేటర్ పక్కన అతికించిన చీటీ మీద అది వినే సంకేతం రాసి ఉంది: 2 నుంచి 10 వోల్టులు. దానికి ఆదేశాలు పంపే కంట్రోలర్ అవుట్‌పుట్ సెట్టింగులో ఉన్నది: 0 నుంచి 10 వోల్టులు. విషయమంతా ఇదే. కంట్రోలర్ లెక్కలో 20 శాతం అంటే 2 వోల్టులు. యాక్చుయేటర్ లెక్కలో 2 వోల్టులంటే సున్నా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. ఆ సెట్టింగును ఎవరూ మార్చిన దాఖలా లేదు కనుక, భవనం తెరిచిన నాటి నుంచీ ఆ హాలులోకి డ్యాంపర్ గుండా తాజా గాలి దాదాపు రాలేదనే అనుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ తరవాత చూసిన కాగితం. భవనాన్ని అప్పగించేటప్పుడు రాసిన పరీక్షా నివేదికలో ఆ డ్యాంపర్ పేరు ఉంది. "పూర్తిగా మూసుకుంది, పూర్తిగా తెరుచుకుంది" అని రాసి సంతకం కూడా చేశారు. అది నిజమే! కంట్రోలర్ 0 శాతం పంపితే 0 వోల్టులు వెళ్తాయి, డ్యాంపర్ మూసుకుంటుంది. 100 పంపితే 10 వోల్టులు వెళ్తాయి, పూర్తిగా తెరుచుకుంటుంది. తప్పంతా నడుమ ఉంది. 40 పంపితే 4 వోల్టులు వెళ్తాయి, డ్యాంపర్ తెరుచుకునేది 25 శాతమే. 60 పంపితే సగం. కిందికి వచ్చేకొద్దీ తేడా పెరిగి, సరిగ్గా 20 దగ్గర మొత్తం మాయమవుతుంది. రెండు చివరలూ చూసి సరే అనుకునే పరీక్ష ఈ లోపాన్ని ఎన్నటికీ పట్టుకోలేదు. అయినా ఎక్కువ చోట్ల జరిగే పరీక్ష అదే.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నివేదిక. వెంటిలేషన్ కంట్రోలర్‌లో అవుట్‌పుట్ సెట్టింగుల పేజీ గుమాస్తా పనిలా నింపేసే పేజీ అయిపోయింది. పరిధి, దిశ, కనిష్ఠం, గరిష్ఠం, వ్యవధి, డిఫాల్ట్ విలువ అంటూ ఏడెనిమిది గడులుంటాయి. కర్మాగారం నుంచి వచ్చిన అంకెలను అలాగే వదిలేసి, అందరూ ఉత్సాహంగా పీఐడీ అంకెల మీదకు, అంటే కోరినదానికీ కొలిచినదానికీ ఉన్న తేడాను బట్టి ఎంత సరిదిద్దాలో తేల్చే లెక్క మీదకు దూకుతారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. గదిలోని మనుషులు ఏ గాలి పీలుస్తారో తేల్చేది ముందుగా ఈ పేజీయే. దీన్ని తెర ముందు కూర్చుని నింపకూడదు. డ్యాంపర్ పక్కన నిలబడి, గాలి వైపు నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ నింపాలి. అంతవరకు పీఐడీ జోలికి వెళ్లనే కూడదు.

ఈ పని చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు గది ఉష్ణోగ్రతను పసిగట్టే విద్యుత్ పరికరానికి పేటెంటు పొందాడు. అది చేసే పని గంట మోగించడం. ఆ గంట విని, బాయిలర్ చూసుకునే మనిషి లేచి వెళ్లి వేడి గాలి డ్యాంపర్‌ను తెరిచేవాడు, లేదా మూసేవాడు. అంటే ఆనాటి అవుట్‌పుట్ ఒక మనిషి. డ్యాంపర్ బిగుసుకుపోతే అతని చేతికి తెలిసేది. విరిగితే కంటికి కనబడేది. తరవాతి కాలంలో ఆ మనిషి స్థానంలోకి గాలి గొట్టం వచ్చింది, గొట్టం స్థానంలోకి తీగ వచ్చింది. ఆదేశం అందుతూనే ఉంది. అందినచోట ఏం జరిగిందో చూసే కన్ను మాత్రం పోయింది. ఆ కన్ను చేసిన పనిలో కొంతైనా సెట్టింగులు పెట్టే మనిషి ఒక్కసారి చేసి తీరాలి.

ఇంతకీ 2 నుంచి 10 అనే వింత పరిధి ఎందుకు? సున్నా నుంచి మొదలుపెడితే సుఖం కదా అని కొత్తవారు అడుగుతారు. మంచి ప్రశ్న. సంపీడిత గాలితో నియంత్రణ నడిచిన రోజుల్లో సంకేతం చదరపు అంగుళానికి 3 నుంచి 15 పౌండ్ల పీడనంగా ఉండేది. విద్యుత్ వచ్చాక 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు అయింది. ఆ విద్యుత్తును 500 ఓముల నిరోధం గుండా పంపితే వచ్చేదే 2 నుంచి 10 వోల్టులు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతిదానిలోనూ అడుగు విలువ పై విలువలో అయిదో వంతు. సున్నాకు ప్రాణం పోయడమే దీని ఉద్దేశం. సంకేతం నిజంగా కనిష్ఠంలో ఉంటే 4 మిల్లీ ఆంపియర్లు కనబడాలి. ఏమీ రావడం లేదంటే తీగ తెగినట్టే. మౌనానికీ "వద్దు" అనే మాటకూ మధ్య తేడా చెప్పగలిగే భాష అది. ఎంతో ఆలోచించి తయారుచేసిన భాష.

అయిదో వంతు అంటే 20 శాతం. డ్యాంపర్ కనిష్ఠానికి చాలామంది చేతికి తోచే అంకె కూడా 20 శాతమే. ఈ రెండూ ఒకే చోట కలవడం వల్ల ఆ హాలుకు తగిలిన దెబ్బ అరుదైనది కాదు. పరిధి తప్పుగా ఉండి, కనిష్ఠం 20గా ఉన్న ప్రతి చోటా డ్యాంపర్ సరిగ్గా మూసుకునే ఉంటుంది. కనిష్ఠం 15 పెట్టినా అంతే, 10 పెట్టినా అంతే.

తారుమారైనప్పుడు మరో కష్టం. కంట్రోలర్ 2 నుంచి 10 పంపుతూ, యాక్చుయేటర్ 0 నుంచి 10 వింటుంటే, మూసుకో అన్నా డ్యాంపర్ అయిదో వంతు తెరిచే ఉంటుంది. రాత్రంతా ఖాళీ భవనంలోకి బయటి గాలి వస్తూనే ఉంటుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట్ల గాలిని వేడిచేసే లేదా చల్లబరిచే నీటి గొట్టాల చుట్ట, అంటే కాయిల్, పగిలేదాకా పోవచ్చు.

దీనికి నా తోటివారు కొందరు చెప్పే సమాధానం ఫీడ్‌బ్యాక్. యాక్చుయేటర్ తన స్థానాన్ని తిరిగి చెప్పే తీగ ఒకటి ఇస్తుంది, దాన్ని కంట్రోలర్‌కు కలిపితే చాలు, నిచ్చెనలెక్కాల్సిన పని లేదంటారు. కలపాలి, తప్పకుండా కలపాలి. ఖాళీ ఇన్‌పుట్ ఉండి కూడా కలపకపోవడం నేను ఒప్పుకోను. ఆ హాలులో ఆ తీగ కలిపి ఉంటే మొదటి రోజే దొరికేది. అయితే ఫీడ్‌బ్యాక్ చెప్పేది యాక్చుయేటర్ ఎంత తిరిగిందన్నదే. డ్యాంపర్ షాఫ్టును పట్టుకునే బిగింపు వదులైతే యాక్చుయేటర్ తన మానాన తాను తిరిగి, "90 డిగ్రీలు తిరిగాను" అని నిజాయితీగా చెబుతుంది. రెక్కలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అందుకే షాఫ్టు చివర ఉండే గీతను చూడమంటాను. ఆ గీత రెక్క ఎటు తిరిగి ఉందో చెబుతుంది. గీత లేకపోతే మార్కరుతో గీయండి. మీ తరవాత వచ్చేవారికి ఆ గీత ఎన్నో గంటలు మిగులుస్తుంది.

ఫీడ్‌బ్యాక్ అసలే లేని రకం ఇంకొకటుంది. తెరవడానికి ఒక రిలే, మూయడానికి ఒక రిలే పెట్టి, నడుమ ఆగిపోయే మోటారు. దీనిలో డ్యాంపర్ ఎక్కడ ఉందో కంట్రోలర్‌కు తెలియదు. ఎన్ని సెకన్లు నడిపానో లెక్కపెట్టి ఊహిస్తుంది. ఆ ఊహకు ఆధారం సెట్టింగుల పేజీలో మీరిచ్చే పూర్తి ప్రయాణ కాలం. మోటారు మొత్తం తిరగడానికి 150 సెకన్లు పడుతుండగా, డిఫాల్ట్‌గా ఉన్న 90ని వదిలేస్తే, కంట్రోలర్ 100 శాతం తెరిచాననుకునే సమయానికి డ్యాంపర్ 60 దగ్గరే ఉంటుంది. చేతి గడియారం చూసుకుంటూ ఒకసారి మోటారును ఆ చివర నుంచి ఈ చివరకు నడిపితే తేలిపోయే సంగతి ఇది. మూడు నిమిషాల పని.

పరిధి సరిచేశాం, రెక్కలు చెప్పినట్టు తిరుగుతున్నాయి. ఇక్కడితో అయిపోయిందనుకుంటే అది రెండో పొరపాటు. నిజానికి నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనిపించేది ఇక్కడే. 20 శాతం అనే మాటకు మూడు అర్థాలున్నాయి. మొదటిది సంకేతంలో 20 శాతం. రెండోది రెక్కల ప్రయాణంలో 20 శాతం. మూడోది గాలిలో 20 శాతం. మూడింటినీ తెర ఒకే అంకెతో, ఒకే గడిలో చూపిస్తుంది. డిజైన్ చేసిన ఇంజనీరు మనసులో ఉన్నది మూడోది. ఫ్యాను పంపే మొత్తం గాలిలో అయిదో వంతు బయటి నుంచి రావాలని ఆయన లెక్క కట్టాడు. ఆ లెక్కకు ఆధారం ఉంది. కార్యాలయాలకు, వెంటిలేషన్ ప్రమాణాలు రాసే అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే వారి 62.1 ప్రమాణం మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానిపైన నేల చదరపు మీటరుకు 0.3 లీటర్లు అడుగుతుంది. మనుషుల ఊపిరికి ఒక వాటా, గోడలూ సామానూ వదిలే వాసనలకు ఒక వాటా. ఇంత జాగ్రత్తగా వచ్చిన అంకెను చివర్లో ఎవరో తీసుకుని డ్యాంపర్ కనిష్ఠ స్థానం గడిలో టైపు చేస్తారు. గాలి వాటా కాస్తా రెక్కల కోణంగా మారిపోతుంది. పరిధి తప్పైతే అది కోణంగా కూడా మిగలదు, తీగలో వోల్టేజిగా మిగులుతుంది.

రెక్కలు 20 శాతం తిరిగితే గాలి 20 శాతం వస్తుందా? రాదు. ఎంత వస్తుందన్నది ఆ దారిలోని మొత్తం అడ్డులో డ్యాంపర్ వాటా ఎంతో దాన్ని బట్టి ఉంటుంది. చిన్న డక్టులో పెద్ద డ్యాంపర్ పెట్టారనుకోండి. కొంచెం తెరవగానే గాలి ధారాళంగా వచ్చేస్తుంది, ఆపైన ఎంత తెరిచినా పెద్దగా పెరగదు. రెక్కలన్నీ ఒకే వైపు తిరిగే రకం ఒక తీరుగా, పక్కపక్క రెక్కలు ఎదురెదురుగా తిరిగే రకం మరో తీరుగా ప్రవర్తిస్తాయి. కాబట్టి కనిష్ఠం గడిలో ఏ అంకె రాయాలో తెలుసుకోవడానికి ఒకటే మార్గం. కొలవాలి.

కొలవడం కష్టమని భయపడేవారికి ఒక తేలిక పద్ధతి చెబుతాను. గది నుంచి తిరిగివచ్చే గాలి, బయటి గాలి, రెండూ కలిసిన గాలి అని మూడు ఉష్ణోగ్రతలు తీసుకోండి. తిరిగివచ్చే గాలి 25 డిగ్రీలు, బయటి గాలి 35, కలిసినది 27 అయితే, పది డిగ్రీల తేడాలో రెండు డిగ్రీలు బయటి గాలి తెచ్చింది. అంటే అయిదో వంతు. లోపలికీ బయటికీ తేడా తక్కువగా ఉన్న రోజున ఈ లెక్క పనికిరాదు. కలిసే చోట గాలి పొరలు పొరలుగా ఉంటుంది కనుక ఒక్క బిందువు దగ్గర కొలిచి ఊరుకోకూడదు. ఎనిమిది పది చోట్ల తీసి సగటు కట్టాలి. ఓపిక ఉంటే డక్టులో గాలి వేగాన్నే కొలవండి, అది ఇంకా మేలు. డ్యాంపర్‌ను కొంచెం కొంచెం కదుపుతూ, గాలి అయిదో వంతుకు వచ్చినప్పుడు తెర మీద ఏ అంకె ఉందో చూసి, దాన్నే కనిష్ఠంగా రాయాలి. అది 12 కావచ్చు, 31 కావచ్చు. గుండ్రని అంకె కాకపోతే నాకు సంతోషం. ఎవరో కొలిచారని ఆ వంకర అంకే చెబుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఫ్యాను వేగం మారే యూనిట్లలో ఒక్క కనిష్ఠం సరిపోదు. అవసరం తగ్గినప్పుడు వేగాన్ని మార్చే పరికరం, డ్రైవ్, ఫ్యానును నెమ్మదింపజేస్తుంది. విద్యుత్తు వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది కనుక, 80 శాతం వేగానికి ఇంచుమించు సగం విద్యుత్తు చాలు. ఇది మంచి పొదుపు, దీన్ని వదులుకోమని నేను అనను. అయితే ఫ్యాను నెమ్మదించగానే బయటి గాలిని లోపలికి లాగే చూషణ కూడా పడిపోతుంది. డ్యాంపర్ అదే కోణంలో ఉంటుంది, వచ్చే గాలి తగ్గిపోతుంది. గదిలో మనుషులు మాత్రం అంతమందే. అందుకని పూర్తి వేగంలో ఒకటి, అతి తక్కువ వేగంలో ఒకటి కొలిచి, రెండు కనిష్ఠాలు పెట్టి, వాటి మధ్య గీత గీసినట్టు మార్చాలి. ఒకే గదికి గాలినిచ్చే యూనిట్లకు ఆష్రే గైడ్‌లైన్ 36 చెప్పే నియంత్రణ క్రమంలో ఈ తరహా ఏర్పాటు ఉంది. మీ కంట్రోలర్‌లో రెండు కనిష్ఠాలకు గడులు ఉండి, రెండింటిలోనూ ఒకే అంకె కనిపిస్తే, ఎవరూ కొలవలేదని అర్థం చేసుకోండి.

దిశ గురించి కూడా చెప్పాలి. బయటి గాలి డ్యాంపర్ తెరుచుకుంటుంటే తిరుగు గాలి డ్యాంపర్ మూసుకోవాలి. ఒకటి నేరుగా, మరొకటి తిరగబడి పనిచేయాలి. తిరగేయడానికి మూడు చోట్లు ఉన్నాయి. యాక్చుయేటర్ మీద చిన్న మీట, కంట్రోలర్ అవుట్‌పుట్ సెట్టింగు, లూప్‌లో (కొలిచి, పోల్చి, సరిదిద్దే పీఐడీ లెక్కలో) దిశ. ఒక చోట ఒకరు తిప్పి, అది తెలియక ఇంకొకరు రెండో చోట తిప్పితే రెండూ రద్దవుతాయి. ఒకసారి రెండు డ్యాంపర్లూ ఒకేసారి మూసుకుని ఫ్యాను నడవడం నేను చూశాను. డక్ట్ రేకు లోపలికి పీల్చుకుపోతూ చేసిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నాకొక నియమం ఉంది. తెర మీద 100 అంటే ప్రతి డ్యాంపర్‌కూ "పూర్తిగా తెరిచి ఉంది" అనే ఒకే అర్థం ఉండాలి. విద్యుత్తు పోతే స్ప్రింగు రెక్కలను ఎటు లాగాలో ముందు నిర్ణయించి, దాని ప్రకారం యాక్చుయేటర్‌ను బిగించి, తిరగేయాల్సి వస్తే కంట్రోలర్ అవుట్‌పుట్ దగ్గర ఒక్కచోటే తిరగేస్తాను. మిగతా రెండు చోట్లనూ ముట్టుకోను. వేరే పద్ధతి పాటించేవారితో నాకు తగవు లేదు, ఒక భవనంలో ఒకే పద్ధతి ఉన్నంతవరకు.

ఇక అందరికీ ఇష్టమైన పీఐడీ దగ్గరకు వద్దాం. డ్యాంపర్ ఊగుతోంది, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. ఎవరో రోజంతా కూర్చుని గెయిన్ (తేడాకు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) తగ్గిస్తారు, ఇంటిగ్రల్ (మిగిలిన తేడాను కూడబెట్టే భాగం) సమయం పెంచుతారు. ఊగడం నెమ్మదిస్తుంది, ఆగదు. ఎందుకు ఆగుతుంది? అడుగున అయిదో వంతు చచ్చుబడి ఉంది. కంట్రోలర్ 5 పంపింది, 10 పంపింది, 15 పంపింది, డ్యాంపర్ కదల్లేదు. ఇంటిగ్రల్ ఓపికగా కూడబెడుతూ పోయి 20 దాటాక రెక్కలు కదిలి గాలి వస్తుంది. అప్పటికే కూడబెట్టింది ఎక్కువైపోయి డ్యాంపర్ అవసరానికి మించి తెరుచుకుంటుంది. మళ్లీ వెనక్కి. 1942లో జీగ్లర్, నికోల్స్ అనే ఇంజనీర్లు చెప్పిన పద్ధతి ప్రకారం ఊగే కాలాన్ని కొలిచి అంకెలు కట్టినా లాభం లేదు. ఆ ఊగడం గది స్వభావం నుంచి రాలేదు, తప్పుడు పరిధి నుంచి వచ్చింది. మొదలు వదిలి కొస పట్టుకోవడమంటే ఇదే.

కనిష్ఠం ఎక్కడ అమలవుతుందన్నది కూడా దీనికి సంబంధించినదే. లూప్‌కే "20 కంటే దిగవద్దు" అని చెబితే అది అక్కడ ఆగి, అవసరం రాగానే అక్కడి నుంచి లేస్తుంది. లూప్‌ను సున్నా దాకా పోనిచ్చి, బయట అవుట్‌పుట్ దగ్గర 20 వద్ద ఆపితే, గది పిలిచినప్పుడు లూప్ సున్నా నుంచి 20 దాకా ఎక్కేవరకు ఏమీ జరగదు. తీగ, పరిధి అన్నీ సరిగ్గా ఉన్నా, అదే చచ్చుబడిన భాగాన్ని మన చేతులతో మనమే తిరిగి తయారుచేసినట్టవుతుంది. మోటారు ప్రయాణానికి 150 సెకన్లు పట్టేచోట 30 సెకన్ల ఇంటిగ్రల్ సమయం పెట్టడమూ ఇలాంటిదే. ఆదేశం పాటించే వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ ఆదేశించడం.

చివరగా, ఎవరూ ఆదేశించనప్పటి సంగతి. కంట్రోలర్ అప్పుడే మేల్కొంది, లేదా సెన్సార్ చెడింది, లేదా నెట్‌వర్క్ తెగింది. అప్పుడు అవుట్‌పుట్ ఎంత ఉండాలి? భవనంలోని కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్ భాష బ్యాక్‌నెట్‌లో ఒక అవుట్‌పుట్‌కు 16 ప్రాధాన్య స్థాయిలు ఉంటాయి. మొదటి రెండు ప్రాణరక్షణకు, 8వది ఆపరేటర్ చేతి ఆదేశానికి. అన్నీ ఖాళీగా ఉంటే అప్పుడు వర్తించే డిఫాల్ట్ విలువ ఒకటి విడిగా ఉంటుంది. ఆ గడిలో నేను ఎక్కువసార్లు చూసింది సున్నా. జనం కూర్చునే హాలుకు సున్నా అంటే, కంట్రోలర్ దారి తప్పిన ప్రతిసారీ వారికి తాజా గాలి ఆపేయమని ముందే చెప్పి పెట్టడం. గడ్డకట్టే చలిలో కాయిల్‌ను కాపాడటానికి ఫ్యాను ఆపి డ్యాంపర్ మూయడం సరైన నిర్ణయమే. ఎప్పుడూ అంత చలి లేని చోట, మనుషులుండే గదికి, కొలిచి పెట్టిన కనిష్ఠ స్థానమే సరైనది. ఏదైనా సరే, ఎవరో ఒకరు ఆలోచించి పెట్టాలి. పొగ, అగ్ని విషయం వేరు. వాటికి సంబంధించిన ఆదేశాలు అగ్నిమాపక వ్యవస్థ నుంచి నేరుగా తీగ ద్వారా రావాలి. ఈ సెట్టింగుల పేజీ మీద వాటిని ఆధారపడనివ్వకూడదు.

8వ స్థాయి గురించి కూడా. పరీక్ష కోసమని చేత్తో పెట్టిన ఆదేశం తీయడం మరిచిపోతే, కిందిస్థాయిలో లూప్ ఎంత మొత్తుకున్నా అది వినబడదు. భవనం నుంచి బయలుదేరే ముందు ప్రతి అవుట్‌పుట్‌కూ 8వ స్థాయి ఖాళీ అయిందో లేదో చూడకుండా నేను సంచి సర్దుకోను.

ఇంత తీరిక ఎవరికుంది అన్న అభ్యంతరం నాకు తెలుసు. అప్పగింత గడువు ముంచుకొస్తుంటే డ్యాంపర్ డ్యాంపర్‌కూ నిచ్చెన వేయగలమా అని అడుగుతారు. నా లెక్క చెబుతాను. ఒకరు తెర దగ్గర, ఒకరు డ్యాంపర్ దగ్గర. 0, 25, 50, 75, 100. అయిదు చోట్ల ఆపి, వోల్టేజి, షాఫ్టు గీత చూసి రాసుకోవడం. నెమ్మది మోటారుకు కూడా పదిహేను నిమిషాలు చాలు. గదులకు గాలి పంచే చిన్న పెట్టెలు వందల్లో ఉంటే కొన్నిటిని ఎంచి చూడండి, నేను కాదనను. బయటి గాలి డ్యాంపర్లు వందల్లో ఉండవు. వాటిలో ఒక్కదాన్నీ వదలకండి. నెట్‌వర్క్ మీద నేరుగా మాట్లాడే కొత్త యాక్చుయేటర్లు వస్తే ఇదంతా పోతుందనే మాట కూడా విన్నాను. వోల్టుల పరిధి గొడవ నిజంగా పోతుంది, అది మంచిదే. బిగింపు వదులవడం పోదు. కోణానికీ గాలికీ ఉన్న తేడా పోదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, లోపలి గాలి చెడితే మనిషికి వెంటనే తెలియదు. నీళ్లు మురికిగా ఉంటే కంటికి కనబడతాయి. గాలి అలా కాదు, మత్తుగా ఉందనుకుని తనను తానే తిట్టుకుంటాడు. 1858లోనే జర్మన్ ఆరోగ్య శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ గదిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 1,000 దాటకూడదని చెప్పాడు. ఆ వాయువు ఆ మోతాదులో విషమని కాదు, మనుషులు వదిలిన గాలి ఎంత పేరుకుందో అది చూపిస్తుందని. మనిషికి సెకనుకు 7.5 లీటర్ల బయటి గాలి అందితే, నిలకడగా ఉన్నప్పుడు బయటి కంటే సుమారు 700 భాగాలు ఎక్కువగా ఉంటుంది. ఆ గాలి సగానికి తగ్గితే ఆ 700 రెట్టింపవుతుంది. మూసిన డ్యాంపర్ వెనక హాలులో కూర్చున్నవారికి తలుపు సందుల్లోంచి వచ్చిందే దక్కింది.

ఆ రోజు అవుట్‌పుట్ అడుగు విలువను 0 నుంచి 2 వోల్టులకు మార్చాం. తెర మీద 20 అలాగే ఉంది, మల్టీమీటర్ 3.6 చూపించింది. కాగితం ముక్క నా వేళ్ల మధ్య నుంచి లోపలికి లాగినట్టు వంగింది. తరవాత కలిసిన గాలిని పది చోట్ల కొలిచి చూస్తే, రెక్కలు 20 దగ్గర ఉన్నప్పుడు గాలి అయిదో వంతు కంటే బాగా ఎక్కువగా వస్తోంది. తగ్గించుకుంటూ వచ్చి 14 దగ్గర ఆపాం. అక్కడ లెక్క సరిపోయింది.

ఆపరేటర్ ఆందోళనపడ్డారు. "సార్, ఇన్నాళ్లూ 20 ఉండేది. ఇప్పుడు 14 అంటే గాలి తగ్గించారంటారు కదా?" అన్నారు. ఆయన అడిగింది సబబే. రేపు ఎవరో వచ్చి, డిజైన్ కాగితంలో 20 చూసి, మళ్లీ 20 కొడతారు. అందుకని ఒక అట్టముక్క తీసుకుని ఆయన చేతనే రాయించాను. పైన తేదీ వేశారు. కింద మూడు వరుసలు: తెర మీద 14. తీగలో 3.1 వోల్టులు. గాలి 20 శాతం, పూర్తి వేగంలో కొలిచినది. దాన్ని ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించి, అంచులు ఊడకుండా బొటనవేలితో రెండుసార్లు నొక్కారు.